మా మామ నేతి గ్రీజు

మా మామ పోయాడు. మా ఆయన తండ్రి. పోయిన నెల, ఇక్కడే వెల్లింగ్టన్‌లో, ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు పొద్దున. గుండె ఆగిందని డాక్టరమ్మ చెప్పగానే మా ఆయన గోడవైపు తిరిగి నిలబడిపోయాడు. నేను మాత్రం, మామ ఉన్ని మఫ్లర్ ఎక్కడ పెట్టారని నర్సును రెండుసార్లు అడిగాను. మెడకు చలిగాలి తగిలితే ఆయనకు పడదు. ఇక ఆయనకు పడేదీ పడనిదీ అంటూ ఏమీ లేదని కారెక్కి కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు.

మన తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు. చివరి బెంచీలో కూర్చుని, ప్లేటులో ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, ఆ కాగితం ప్లేటును కూడా నాలుగు మడతలు పెట్టి గానీ చెత్తబుట్టలో వేయని పెద్దమనిషి. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని సంఘం వాళ్ళు అడిగారు. మంచి మాటలకు కొదవలేదు. వాటితో పాటు ఒక చెడ్డ మాట కూడా ఉంది. అది నా గురించి. అది దాచిపెట్టి మిగతావి రాయడానికి రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ కాగితం చించేశాను.

మామ కర్నూలు పోలీసు ఆర్మరీలో ముప్పై ఏళ్ళకు పైగా తుపాకులు బాగుచేశాడు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. అంతకాలం తుపాకుల మధ్య బతికినా మనిషి మీద ఏనాడూ గురిపెట్టలేదు. ఊరేగింపుల బందోబస్తుకు పోయిన రైఫిళ్ళు తిరిగొస్తే విప్పి, కడిగి, తుడిచి, నూనె రాసి, మళ్ళీ వరసలో నిలబెట్టడం ఆయన పని. మురికి బ్యారెల్‌ను ఒక్క రాత్రి కూడా అట్లాగే వదిలి ఇంటికొచ్చి ఎరగడని మా అత్త చెప్పేది. పెళ్ళిరోజునాడు కూడా ఆర్మరీ తాళం వేశాకే తలంబ్రాల బట్టలు కట్టుకున్నాడని ఆమె ఎత్తిపొడుపు. అది ఎంత నిజమో నాకు తెలియదు, కానీ ఆయన ఎప్పుడూ కాదనలేదు.

అత్త పోయాక మా దగ్గరికి వచ్చేశాడు. మేము వై టు కె హడావిడి అయిపోయాక వచ్చిన బ్యాచ్. మా ఆయనకు ఒక గవర్నమెంటు డిపార్టుమెంటులో కాంట్రాక్టు, నాకు ఒక మందుల షాపులో పార్ట్ టైము. ఇల్లు కొండ మీద. రోడ్డు నుంచి గుమ్మం దాకా ముప్పై ఒక్క మెట్లు. వచ్చిన మొదటి నెలలో మామ ఇంట్లో ఉన్న ప్రతి తలుపు బందుకూ నూనె వేశాడు, కొళాయిలన్నీ బిగించాడు, మా పాప స్కూటర్ చక్రాలు విప్పి మళ్ళీ బిగించాడు. రెండో నెలకు బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కిందికి పోయే బస్సునూ పైకొచ్చే బస్సునూ చూస్తూ కూర్చునేవాడు. నన్ను కూడా పాపా అనే పిలిచేవాడు. సాయంత్రం నేను షాపు నుంచి రాగానే, "ఈ పొద్దు ఇరవై రెండు పోయినాయి, ఇరవై ఒకటే వచ్చినాయి పాపా. ఒగటి యాడనో ఆగిపోయింది," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, వింటే నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"పాపా, ఎదురింటాయన కాడ పాత భర్మారు తుపాకి ఉండాది. మూతిలోనించి మందు పోసి గుండు దిగ్గొట్టే రకం. గ్యారేజీలో బల్ల మీద పెట్టుకోని దాన్ని చూస్తా కూచోనుండాడు. నువ్వొచ్చి నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడు."

"తుపాకా? మనకెందుకు మామా, పోలీసులొస్తారు."

"పోలీసును నేను వచ్చినా గదమ్మా ఈడికి!"

అప్పటిదాకా ఎదురింటి పెద్దాయనతో మాకున్న పరిచయం చెయ్యి ఊపడం వరకే. రైల్వేలో చేసి రిటైరైన కివీ, ఇక్కడి తెల్లాయన, ఒంటరి మనిషి, డెబ్భై దాటాయి. ఆ రైఫిల్ వాళ్ళ తాతది. నూట ముప్పై ఏళ్ళ పైమాటే. దానికి లైసెన్సూ, తాళాల బీరువా అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఆయనకున్న బాధల్లా ఒకటే, అది కాలిస్తే పేలుతుంది గానీ గుండు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. కళ్ళు పూర్తిగా మసకబారేలోపు తాత తుపాకితో ఒక్కసారైనా సరిగ్గా కొట్టాలని ఉందన్నాడు. నేను ఆ మాట తెలుగులో చెప్పగానే మామ మఫ్లర్ విప్పి భుజాన వేసుకున్నాడు. ఆర్మరీలో పని మొదలెట్టే ముందు అట్లాగే టోపీ తీసేవాడేమో.

ఆ తర్వాత జరిగిందంతా నేను నోటుపుస్తకంలో రాసినదే. మొదట బ్యారెల్ కొలత. మెత్తటి సీసపు ముద్దను మూతిలో కొద్దిగా దిగ్గొట్టి, బయటికి లాగి, దాని వెడల్పు కొలిచాడు. పెద్దాయన షాపులో కొనే గుండ్లు ఆ ముద్దకన్నా సన్నం. తేడా కాగితం మందమే, కానీ మామకు అది చాలు. "లూజు చొక్కా ఏసుకున్నోడు మాదిరి లోపల ఊగుతా పోతాంది," అన్నాడు. పెద్దాయన దగ్గరున్న గుండ్లు పోసే అచ్చును సన్నటి పొడితో వారం రోజులు అరగదీసి, కావలసినంత వెడల్పు చేశాడు.

తర్వాత సీసం. పెద్దాయన కారు టైర్లకు తగిలించే బరువులు ఒక బకెట్ నిండా పోగేసి పెట్టుకున్నాడు. మామ ఒకటి తీసుకుని బొటనవేలి గోరుతో నొక్కి, పక్కన పడేశాడు. "గోరు దిగల్లేదు. ఈ గుండుకు అడుగున గుంత ఉంటాది గదా, మందు అంటుకున్నప్పుడు ఆ గుంత విచ్చుకోని బ్యారెల్‌ను పట్టుకోవాల. గట్టి సీసం విచ్చుకోదు, అట్లే జారిపోతాది." నేను అంతా ఇంగ్లీషులో చెబితే పెద్దాయన బకెట్ కేసి దిగులుగా చూశాడు. రెండు వారాలకు, కూలగొడుతున్న ఏదో పాత ఇంటి పైకప్పు నుంచి సీసపు రేకులు తెచ్చాడు. వాటిలో గోరు దిగింది. గ్యారేజీ తలుపు తెరిచిపెట్టి, క్యాంపు స్టవ్ మీద కరిగించి గుండ్లు పోశారు. యాభై పోస్తే ముప్పై మళ్ళీ గిన్నెలోకే పోయేవి. ఒకదానికి ముడత, ఒకదానికి బుడగ, ఒకటి తూకంలో తక్కువ. పెద్దాయన విసుక్కున్నా మామ వినేవాడు కాదు.

ఆఖరున మందు. తుపాకి మందును ఇక్కడ గ్రెయిన్ల లెక్కన తూస్తారు, గ్రెయిన్ అంటే గురిగింజలో సగం బరువు. మా వైపు నాటు తుపాకులకు తూకాలేమీ ఉండవు, గుండు దిగ్గొట్టాక, దిగ్గొట్టిన ఇనుప ఊచ మూతి పైకి ఎన్ని వేళ్ళు మిగిలిందో చూసుకోవడమే. మామకు రెండూ తెలుసు. తక్కువతో మొదలుపెట్టి, ఐదేసి గ్రెయిన్లు పెంచుతూ, ఒక్కో కొలతకు ఐదేసి గుండ్లు కాల్చి, ఏ కొలతకు చిల్లులు దగ్గర దగ్గరగా పడుతున్నాయో చూడాలి. మందు ఎక్కువైతే గుండు అడుగు చిట్లి పక్కకు పోతుంది, తక్కువైతే విచ్చుకోనే విచ్చుకోదు. ఇంకొంచెం పోస్తే ఇంకా జోరుగా పోతుంది కదా అని పెద్దాయన ఉబలాటపడితే మామ తల అడ్డంగా ఊపేవాడు. "తుపాకి ఏమడుగుతాందో అది పెట్టాల. మనకు బుద్ధి పుట్టినంత పెడితే తినదు." నేను ఉద్యోగంలోనూ పాప పెంపకంలోనూ విసిగి నోరు జారినప్పుడల్లా ఈ మాట నాకు గుర్తొచ్చేది. ఆయన నాకు చెప్పింది కాకపోయినా నాకే పనికొచ్చింది.

కొండల అవతల ఒక గొర్రెల ఫారం పక్కన పెద్దాయన తుపాకుల క్లబ్బు వాళ్ళ రేంజి, గురిచూసి కాల్చే మైదానం, ఉంది. కాల్చడానికి వెళ్ళేది శనివారాలు. ఇక్కడే చిక్కు వచ్చింది. మామకు శనివారం ఒక్కపొద్దు. వెంకటేశ్వరస్వామి మొక్కు, నలభై ఏళ్ళది. ఆ రోజు మాంసం మాట అటుంచి, కొవ్వు ఉన్న డబ్బా కూడా ముట్టడు. గుండుకు రాసే గ్రీజు ఏమో పెద్దాయన గొర్రె కొవ్వూ తేనెమైనమూ కలిపి కాచింది. గ్రీజు లేకపోతే మందు మసి బ్యారెల్‌లో గట్టిపడి మూడో గుండుకే అడ్డం తగులుతుంది. డబ్బా ముందుకు జరిపితే మామ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. సంగతి విని పెద్దాయన పగలబడి నవ్వాడు. "మీ సిపాయిలు ఒకసారి ఈ విషయంలోనే మా వాళ్ళ మీద తిరగబడ్డారు కదా, ఇప్పుడు నా గ్యారేజీలో కూడానా?" అన్నాడు.

నెయ్యి ఆలోచన మామదే. మైనంలో మా ఇంటి నెయ్యి కలిపాడు. మొదటిసారి మరీ మెత్తనైంది, రెండోసారి పెళుసైంది, మూడోసారి కుదిరింది. ఆ శనివారం ఐదో గుండు కూడా మొదటి గుండంత సులువుగా దిగింది. తుపాకి పేలగానే గంధకం పొగతో పాటు కాలిన నెయ్యి వాసన. పక్కవాళ్ళు తమ తుపాకులు కింద పెట్టి వచ్చి వాసన చూశారట. "హోమం మాదిరి ఉండాది పాపా," అని ఇంటికొచ్చి చెప్పాడు. మొదటి రెండుసార్లే నేను మాటసాయానికి వెళ్ళాను. తర్వాత వాళ్ళకు నా అవసరం లేకపోయింది. ఈయన "సార్" అనేవాడు, ఆయన "సార్జెంట్" అనేవాడు, మిగతాదంతా చేతులతోనే నడిచేది.

నాలుగు నెలలు పట్టింది కొలత కుదరడానికి. గాలి ఆగేదాకా ఒక్కో గుండుకు పావుగంట కాచుకున్న రోజులున్నాయి, మన వెల్లింగ్టన్ గాలి సంగతి మీకు చెప్పేదేముంది. ఒక శనివారం సాయంత్రం మెట్లెక్కుతూనే నన్ను కేకేశాడు. ఐదు చిల్లులూ అరచేతి కింద దాగిపోయే కాగితం. పెద్దాయన కాల్చినది. దాన్ని మా ఫ్రిజ్ మీద అంటించాడు. మా పాప వేసిన బొమ్మల మీద అంటించినందుకు అది అలిగింది, నేను నసిగాను, ఆయన పట్టించుకోలేదు. ఆ పూట ఒక్కపొద్దు విడుస్తూ రెండోసారి కూడా అన్నం పెట్టించుకున్నాడు. ఇక్కడికొచ్చాక ఆయన రెండోసారి అడిగి తినడం నేను అదే చూడటం.

ఇప్పుడు నా సంగతి.

అత్త సంవత్సరీకానికి మామ ఇండియా వెళ్ళాలి. మూడు నెలల మకాం. ఇక్కడి చెమ్మలో తుపాకిని మూడు నెలలు ఊరికే వదిలితే తుప్పు పడుతుంది గనక, కడిగి ఆరబెట్టి లోపలంతా మందంగా తన గ్రీజు పూసి వెళతానన్నాడు. "నేనొచ్చేదంకా కదిలీయొద్దు" అని పెద్దాయనకు చెప్పమన్నాడు, చెప్పాను. బయల్దేరే వారం అది. సూట్‌కేసులు, బంధువుల పేర్లు రాసిన చాక్లెట్ డబ్బాలు, ఎయిర్‌లైన్ వాళ్ళ తూకం, ఇంటినిండా గందరగోళం. "పాపా, ఒక గిన్నెడు నెయ్యి కావాల," అన్నాడు.

ఆ వారం సూపర్ మార్కెట్‌లో ఉప్పు వెన్న స్పెషల్‌లో ఉందని నాలుగు కట్టలు తెచ్చాను. మామూలుగా ఉప్పు లేనిదే కొంటాను. కాచి వడకడితే ఉప్పు అడుగున ఉండిపోతుందిలే, పై నెయ్యికేమి అనుకున్నాను. నిజంగానే పై నెయ్యి బాగానే వచ్చింది. అడుగు మడ్డి మాత్రం ఉప్పు కషాయం. మామూలుగా అయితే మా పాప అందులో చక్కెర కలుపుకుని తినేది, ఈసారి నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. పారేయడానికి నాకు చేతులు రాలేదు. గిన్నె అడుగున మిగిలిన నెయ్యితో సహా ఆ మడ్డిని గోకి, వేడిచేసి, మామ డబ్బాలో పోసేశాను. మంచి నెయ్యి సీసాలో దాచుకున్నాను. తుపాకికి రుచేం తెలుస్తుందని నాలో నేను నవ్వుకున్నాను కూడా. ఆయన అందులో మైనం కలిపి తీసుకుపోయాడు. మన ఇళ్ళలో చిలికిన వెన్నకు ఉప్పన్నదే ఉండదు. నేతిలో ఉప్పుంటుందని కర్నూలు మనిషికి కలలో కూడా రాదు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. నాకు తెలుసు, నేను చెప్పలేదు.

మూడు నెలలకు తిరిగొచ్చాడు. మర్నాడే పెద్దాయన కోసం తెచ్చిన పూతరేకుల డబ్బా పట్టుకుని గ్యారేజీకి వెళితే నేనూ వెంట వెళ్ళాను. పెద్దాయన కౌగిలించుకున్నంత పని చేశాడు. మామ ఊచకు గుడ్డ చుట్టి బ్యారెల్‌లోకి దించాడు. సగానికి వెళ్ళేసరికి ఆయన చెయ్యి ఆగింది. గరగరమన్న చప్పుడు నాకూ వినిపించింది. బయటికి తీస్తే గుడ్డ ఇటుక రంగులో ఉంది. ఇంకో గుడ్డ. ఇంకోటి. నాలుగో గుడ్డకు పెద్దాయన స్టూలు మీద కూలబడ్డాడు.

మామ డబ్బా మూత తీసి, మిగిలిన గ్రీజును వేలితో తీసుకుని వాసన చూశాడు. తర్వాత నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు ఇనుమును తినేస్తుందని నాకు అప్పుడు తట్టింది. ఆయన నావైపు చూడలేదు. డబ్బా మూత బిగించి స్వెట్టర్ జేబులో వేసుకున్నాడు.

"మై మిస్టేక్ సార్," అన్నాడు. తర్వాత నాతో, "నువ్వు పోమ్మా. పాపకు స్కూలు ఇడిసే టైమైంది."

ఇంకా అరగంట టైముంది. అయినా నేను వెళ్ళిపోయాను. పొమ్మంటే పోవడానికి ఆ రోజు కాళ్ళు ఎంత తేలికగా కదిలాయో నాకు బాగా గుర్తుంది.

ఆయన ఆ తర్వాత ఏం చెప్పాడో నాకు తెలియదు. ఇంటికొచ్చి డబ్బాను మూడుసార్లు వేడినీళ్ళతో కడిగి బోర్లించాడు. ఫ్రిజ్ మీది కాగితం తీసేశాడు. లోపల గుంటలు పడ్డాయనీ, ఇక ఏ గుండూ అందులో నుంచి నిలకడగా పోదనీ రాత్రి అన్నం తింటూ మా ఆయనకు చెప్పాడు. "చెమ్మ వల్లనా నాన్నా?" అని మా ఆయన అడిగితే, "ఊ" అన్నాడు.

ఆ శనివారం సూపర్ మార్కెట్‌కు నాతో వచ్చాడు. నేను బండిలో వెన్న వేశాను, పరధ్యానంలో ఏది వేశానో చూసుకోలేదు. ఆయన ఆగి, ఆ కట్టను తీసి, దాని మీది అక్షరాలు ఒక్కొక్కటిగా పైకి చదివి, షెల్ఫులో పెట్టేసి పక్కదాన్ని తీసి బండిలో పెట్టాడు. బండి తోసుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు. నేను ఆ చల్లటి అరల దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

అప్పుడైనా ఎదురింటికి పోయి చెప్పి ఉండాల్సింది. రేపు చెబుతాననుకున్నాను. మా ఆయనకు కాంట్రాక్టు అయిపోయింది, ఆ గొడవలో నెల గడిచింది. నెల ఆగాక చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారని ఇంకో నెల. సాకులు దొరకడం నాకెప్పుడూ కష్టం కాలేదు. తాతల నాటి వస్తువును పాడుచేసిన మనిషిగా ఆ పెద్దాయన ఎవర్ని చూస్తున్నాడో తెలుసు. రోడ్డు మీద ఎదురైతే ఆయన తలుపుతాళం వెతుక్కుంటున్నట్టు జేబులోకి చూసుకునేవాడు. చెయ్యి ఊపడం మానేశాడు. ఈ దేశంలో మామకున్న ఒకే ఒక్క స్నేహితుడు ఆయన.

మామ మళ్ళీ కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఈసారి బస్సులు లెక్కపెట్టలేదు. గ్యారేజీ తలుపు తెరుచుకుంటే కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకునేవాడు, అటునుంచి కనబడకుండా. వంటింటి తలుపు కిర్రుమంటున్నా లేచి నూనె వేయలేదు. అట్లా రెండు చలికాలాలు. శనివారాలు ఒక్కపొద్దు ఉన్నాడు గానీ, దానికి ఆ కళ లేదు. నన్ను మాత్రం మునుపటిలాగే చూసుకున్నాడు. వాన పడితే బస్‌స్టాపుకు గొడుగు తెచ్చేవాడు, ఆ గాలికి గొడుగు నిలవదని తెలిసి కూడా. నేను ఆలస్యంగా వస్తే అన్నం వార్చి పెట్టి ఉంచేవాడు. అది నన్ను ఇంకా తినేసేది. తిట్టినా బాగుండేది.

ఒక్కసారి ప్రయత్నించాను. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. "మామా, ఆ నెయ్యి..." అన్నాను.

"అన్నం పెట్టమ్మా," అన్నాడు. "ఆకలైతాంది."

పెట్టాను. తిన్నాడు. చెయ్యి కడుక్కుని కుర్చీలోకి వెళ్ళాడు.

అంత్యక్రియలకు మనవాళ్ళు ముప్పైమంది దాకా వచ్చారు, మీ అందరికీ దండాలు. ఎదురింటి పెద్దాయన రాలేదు. కారు కదిలేటప్పుడు ఆయన ఇంటి కిటికీ తెర మూసి ఉంది.

పదకొండో రోజు కర్మలయ్యాక నేను రోడ్డు దాటి వెళ్ళి బెల్లు కొట్టాను. పెద్దాయన తలుపు సగమే తెరిచాడు. కళ్ళకు ఆపరేషన్ అయినట్టుంది, నల్లద్దాలు పెట్టుకున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి, ఉప్పు వెన్న దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను. రెండేళ్ళుగా మనసులో తిప్పుకుంటున్న మాటలు, మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఉప్పా?" అన్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

"అతను నాతో అట్లా చెప్పలేదు," అన్నాడు. "ప్రయాణం తొందరలో కడగడం మర్చిపోయానన్నాడు. మందు మసి మీదే గ్రీజు పూసేశానన్నాడు."

మురికి బ్యారెల్‌ను ఒక్క రాత్రి వదలని మనిషి. ఒక మనిషికి బతుకంతా ఉన్న పేరు ఏదైతే ఉందో, సరిగ్గా దాన్నే తీసి ఈ పెద్దాయన కాళ్ళ దగ్గర పెట్టాడు. కోడలి వంటింటి పేరు బయటికి రాకుండా ఉండటానికి ఆయనకు దొరికిన అబద్ధం అదొక్కటే కాబోలు. చెమ్మ అంటే సరిపోయేది. మా ఆయనకు ఆ మాటే కదా చెప్పాడు. కానీ ఈయనకు తుపాకి తెలుసు, చెమ్మ అంటే నమ్మడు.

"అతను ఇండియా వెళ్ళేముందు గ్రీజు పూసిన రోజు కెటిల్‌లో నీళ్ళు కాచి ఇచ్చింది నేనే," అన్నాడు పెద్దాయన. "మూడు కెటిళ్ళు బ్యారెల్‌లో పోసి కడిగాడు. నా కళ్ళతో చూశాను. కానీ మనిషి తనంతట తాను ఒప్పుకుంటుంటే, నేనే పొరబడ్డానేమో, అది ఇంకో శనివారమేమో అనుకున్నాను."

నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. నాకు ఓదార్పు అక్కర్లేదు. ఎవరైనా నాతో పోనీలే అంటే నేను భరించలేను. కొక్కేనికి ఉన్న వానకోటు తీసుకుని, చేతికర్ర పట్టుకుని, నన్ను దాటుకుని బయటికి నడిచాడు. తలుపు వేయడం కూడా మరిచిపోయాడు. సన్నగా వాన పడుతోంది. ఎక్కడికని అడుగుతూ వెనకాలే వెళ్ళాను. రోడ్డు దాటి, మా మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. ఐదేసి మెట్లకు ఒకసారి ఆగాడు. చెయ్యి పట్టుకోబోతే వదిలించుకున్నాడు.

ఇంట్లో ఎవరూ లేరు. మా ఆయన ఇంటర్వ్యూకు, పాప స్కూలుకు. "లోపల ఎవరూ లేరండీ," అన్నాను. ఎవరూ లేరని ఆయనకూ తెలుసు. అయినా మా గుమ్మం ముందు, మామ కూర్చునే కిటికీ వైపు ఒకసారి చూసి, చేతికర్ర గోడకు ఆనించి, మెల్లగా వంగి, బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. తడిసిన ముడి ఊడటంలేదు. "పర్వాలేదు, విప్పకండి," అన్నాను. వినలేదు. వాన ఆయన వీపు మీద పడుతోంది. వంగినవాడు వంగినట్టే ఉండి, ఒక్కో ముడీ విప్పుకుంటూనే ఉన్నాడు.